తోలు లేని ఆకు

నర్సమ్మత్త పోయిందని చిత్తూరు నుంచి ఆమె కూతురు ఫోను చేసినప్పుడు మా నాయన మిద్దె మీద మెంతులు చల్లుతున్నాడు. నేనే మెట్లెక్కి వెళ్ళి చెప్పాను. ఆయన నా మొహం చూశాడు, గుప్పిట్లో మిగిలిన గింజలు చూసుకున్నాడు, వాటిని కూడా చల్లేసి పైన పల్చగా మట్టి కప్పి, నీళ్ళు చిలకరించి, అప్పుడు చేతులు కడుక్కున్నాడు. ఎప్పుడు ఎత్తుతారంట అని మాత్రం అడిగాడు. రేపు పొద్దున అన్నాను. గుండె నీరసంగా ఉందని, కూతురి దగ్గర ఉండి చూపించుకుని వస్తానని వెళ్ళిన మనిషి ఆమె. చలి మొదలయ్యేలోపు వచ్చేస్తానని మా అందరి ముందూ చెప్పింది. నాకు తెలిసి నర్సమ్మత్త మాట తప్పడం ఇదొక్కసారే.

మీలో చాలామందికి ఆమె తెలియదు. తిరుపతిలో మా పై పోర్షనులో ఉండేది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. భర్త ఎప్పుడో పోయాడు. వీధి వీధంతా నర్సమ్మ అని పిలిచేది. కొత్తలో నేను ఆంటీ అంటే, "ఆంటీ గీంటీ వద్దు. అత్తా అను, నోరేమీ అరిగిపోదు" అంది. అప్పట్నుంచి నాకు నర్సమ్మత్త. ఉద్యోగం వదిలినా వాచీని రొమ్ము మీద పిన్నుతో తగిలించుకోవడం వదల్లేదు. ఎవరన్నా దగ్గితే తలుపు తీసి చూసేది. దేవత, చల్లని తల్లి లాంటి మాటలు ఆమె గురించి రాశానంటే పైనుంచే నాకు అక్షింతలు పడతాయి. ఆమె చల్లని తల్లి కాదు. గట్టి మనిషి, మాట పడదు, ఊరికే మాట అనదు.

మిద్దె మీద ఆమెకున్నదాన్ని తోట అనడానికి నోరు రాదు, వార్డు అనాలి. టీకా మందులు వచ్చే థర్మాకోల్ పెట్టెలు మందుల షాపుల్లో అడిగి తెచ్చుకునేది. వాటిని కడిగి ఎండబెట్టి, అడుగున బొక్కలు పెట్టి, ఎర్రమట్టీ మాగిన పేడ ఎరువూ కొబ్బరి పొట్టూ కలిపి నింపేది. ఇటుకల మీద వరసగా, మంచాలు వేసినట్టు పెట్టేది. ఇక పొద్దున్నే రౌండ్సు. ఒక్కో ఆకునూ తిప్పి అడుగున చూసేది, పురుగు కాపురం పెట్టేది అక్కడేనని. మట్టిలోకి వేలు దింపి తడి చూడనిదే ఎవరినీ నీళ్ళు పోయనిచ్చేది కాదు. ఒకసారి ఎండ మండిపోతోందని నేను చెంబుతో పోయబోయాను. "దప్పిక నీకా, దానికా? వేలు పెట్టి అడుగు" అంది. చెంబు అక్కడే పెట్టేశాను.

మా ఇంటికి రంగులు వేసినప్పుడు ఖాళీ పెయింటు బకెట్లు మిగిలాయి. ఉదారంగా ఇస్తానన్నాను. ఆమె మొహమాటం లేకుండా వద్దంది. ఉడకబెట్టి తినే కూరైతే ఏదో అనుకుంటాం గానీ ఇది పచ్చిగా నోట్లోకి పోయేది, పెయింటు బకెట్లో ఉగ్గు కలిపి బిడ్డకు పెడతావా అని అడిగింది. ఆ బకెట్లు ఇప్పటికీ మా బాత్రూములో ఉన్నాయి.

ఆమె పెంచేదంతా పచ్చిగా తినే ఆకే. లెట్యూస్, లేత పాలకూర, వేలెడెత్తు మెంతి, ఆవాకు, గంగపాయలాకు. మన ఇళ్ళలో పచ్చిగా తినేదంటే ఉల్లిపాయ, కీరకాయ, పెళ్ళి భోజనాల్లో క్యారెట్టు కోసంబరి. ఆకునైతే పప్పులో వేసి మెదిపి, పేరు కూడా గుర్తుపట్టలేనంతగా ఉడికించి, ఆపైన ఆరోగ్యం అనుకుంటాం. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ రోగులకు చెప్పీ చెప్పీ విసిగిపోయానని, రిటైరయ్యాక తానే పెంచి నోట్లో పెట్టాలని నిర్ణయించుకున్నానని అనేది. నోట్లో పెట్టడం అనేది ఆమె విషయంలో ఉత్త మాట కాదు. నా నోట్లో పెట్టింది, పోస్టు ఇవ్వడానికి వచ్చినాయన నోట్లోనూ పెట్టింది.

మొదటి ఏడు మాత్రం బాగా దెబ్బతింది. పుట్టింది పలమనేరు వైపు, అక్కడి చల్లదనానికి ఏది చల్లినా నవ్వుతూ లేస్తుంది. ఆ ధీమాతోనే ఇక్కడ ఎండాకాలంలో లెట్యూస్ వేసింది. తిరుపతి ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? కాడలు సాగి జానెడు పైకి లేచి, ఆకు వేపాకుతో పోటీ పడేంత చేదెక్కింది. మేము నవ్వాం. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. ఊరు నాది కాదు, ఎండ నాది కాదు, కాలమన్నా నేను ఎంచుకోవాల గదా అనుకుని పద్ధతి మార్చింది. వానలు వెనకబట్టాక లెట్యూస్ విత్తడం, శివరాత్రి దాకా కోసుకోవడం, ఎండలు ముదిరితే తోటకూర, గంగపాయలాకుతో సరిపెట్టుకోవడం. ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషే అయినా విత్తనాల లెక్కంతా శివరాత్రితోనే చెప్పేది. నీళ్ళ ట్యాంకు నీడ ఏ వేళకు ఎటు పడుతుందో ఆమెకు తెలిసినంత ఆ ట్యాంకుకు కూడా తెలియదు. కోసేటప్పుడు చేతికి కత్తెర ఇచ్చి, మొవ్వు వదిలి చుట్టూ కొయ్యమనేది. పీకితే ఒక పూట తింటావు, కోస్తే అది మళ్ళా ఇస్తాది అనేది. ఆ మాట మా వీధిలో ఇప్పుడు ఎవరిని అడిగినా చెబుతారు.

మా నాయన మా ఇంటికి వచ్చింది ఆ తర్వాతే. చిత్తూరు దగ్గర మామిడితోట చేసిన మనిషి. అమ్మ పోయింది, మోకాళ్ళు మొరాయించాయి, షుగరు పెరిగింది. తోట కౌలుకిచ్చి రమ్మని నేనే పోరు పెట్టి తెచ్చుకున్నాను. తెచ్చుకున్నానే గానీ, వచ్చింది మా నాయన కాదనిపించేది. తోటలో కూలోళ్ళని కేక వేస్తే అవతలి గట్టుకు వినపడే గొంతు, మా ఇంట్లో మంచినీళ్ళు అడగడానికి కూడా లేచేది కాదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం తగ్గించి ఆకులు, కూరలు ఎక్కువ తినాలని డాక్టరు చెబితే, రాగి సంగటి తప్ప ఏదీ ముట్టనన్నాడు. పై నుంచి లెట్యూస్ పంపితే చూసి, "ఆకులు మేకలు గదా తినేది" అని పళ్ళెం పక్కకు జరిపాడు. నేను గొడవపడ్డాను, బతిమాలాను, ఒకరోజు కోపంతో ఏడ్చాను కూడా.

ఆ ఏడుపు పైకి వినపడినట్టుంది. మర్నాడు మధ్యాహ్నం నర్సమ్మత్త తడి గుడ్డలో చుట్టిన ఆకులు తీసుకుని మా వంటింట్లోకి వచ్చింది. సంగటి మానమని ఒక్క మాట అనలేదు. నేను నూరిన ఊరిబిండి రోట్లోనే ఉంది, వేరుశెనగల కారం ఘుమఘుమలాడుతోంది. లెట్యూస్ ఆకు ఒకటి అరచేతిలో పరిచి, దాని మీద ఊరిబిండి పూసి, నిమ్మకాయంత సంగటి పెట్టి, తమలపాకు చుట్టినట్టు చుట్టి నాయన చేతిలో పెట్టింది. "ముద్ద నీది, ఊరిబిండి నీ కూతురిది, ఆకు ఒక్కటే నాది. ఏది బాగలేదో తిని చెప్పన్నా" అంది. నాయన నమిలాడు. ఆకు కరకరమంది. ఏదీ బాగాలేదని చెప్పలేదు, ఇంకొకటి చుట్టమన్నాడు. సంగటిని ఆకులో చుట్టుకుని తినడం మా ఇంటి ఆచారమైంది అలాగే. చుట్టాలొస్తే వింతగా చూసి, వెళ్ళేటప్పుడు ఆకులు కట్టించుకుని పోతారు.

రుచి మరిగాక నాయన పైకి వెళ్ళడం మొదలుపెట్టాడు. మోకాళ్ళ నొప్పులన్న మనిషి మెట్లెక్కేవాడు! ఇద్దరూ ఎప్పుడూ ఏదో ఒకదానికి వాదించుకునేవారు. ఆయనకు ఆమె పెట్టెలు పిల్లల బొమ్మరిల్లు లాగా ఉండేవి, ఆమెకు ఆయన మాటలన్నీ ఎకరాల్లో ఉండేవి. కానీ ఆ గొంతు మళ్ళీ వినపడింది. కింద వంటింట్లో నేను ఆ కేకలు వింటూ పప్పు తాళింపు వేసేదాన్ని. నాకింకేం కావాలి చెప్పండి?

అప్పుడొచ్చింది ఆ ఆదివారం.

లెట్యూస్ ఆకుల అడుగున పేనుబంక పట్టింది. నర్సమ్మత్త దానికి చేసేది ఒకటే, కుంకుడుకాయల నీళ్ళలో గుడ్డ ముంచి ఒక్కో ఆకునూ తుడవడం. నాయనకు అది చూస్తే ఒళ్ళు మండేది. పురుగు కనపడితే మందు కొట్టాలి, తోట చేసినవాడికి తెలిసింది అదే. తోట కౌలుకిచ్చినా సామాన్లు ఇవ్వడానికి మనసొప్పక పెట్టెలో పెట్టి తెచ్చుకున్నాడు, అందులో పూత మీద పురుగుకు కొట్టే మందు సీసా ఒకటి మిగిలింది. ఆమెకు తుడిచే పని తప్పిద్దామనుకున్నాడు. మేలు చేద్దామనే. తెల్లవారగానే పైకి పోయి, చేతి పంపుతో పెట్టెలన్నింటికీ కొట్టి వచ్చాడు. ఆయన పంటకు పూత మీద మందు కొడితే కాయ చేతికొచ్చేది నెలల తర్వాత. పొద్దున కొట్టి పొద్దున్నే తినే పంట ఒకటుంటుందని ఆయనకు తోచలేదు.

ఆ వెనకాలే నర్సమ్మత్త వెళ్ళింది. జలుబు చేసి ముక్కు పనిచేయడం లేదు. ఆకులు తడిగా ఉంటే అన్న నీళ్ళు పోశాడనుకుంది. కోసి, మా పక్క వాటాలో ఉండే పిల్లకు ఒక కట్ట ఇచ్చి, చర్చికి తయారవడానికి లోపలికి పోయింది. ఆ పిల్లకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. రోజూ ఆకులు తినమని నర్సమ్మత్తే అలవాటు చేసింది.

ఇడ్లీ తింటూ నాయన గొప్పగా చెప్పాడు, సాయంత్రానికి ఒక్క పురుగుంటే అడగమని. ఏ మందు అన్నాను. చెప్పాడు. నా చేతిలో గరిట ఏమైందో నాకు తెలియదు. పక్క వాటాలోకి పరుగెత్తాను. ఆ పిల్ల ఆకులు ఉప్పునీళ్ళలో కడిగి, నిమ్మకాయ పిండి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంది. పళ్ళెం లాక్కున్నాను. తినలేదక్కా, ఇప్పుడే కూర్చున్నా అంటూ బిత్తరపోయింది. ఆ పూట దేవుడున్నాడని నమ్మాను.

గొడవ విని నర్సమ్మత్త చర్చికి కట్టుకున్న తెల్లచీరతోనే దిగి వచ్చింది. మొదట ఆ పిల్ల దగ్గర కూర్చుంది, నోరు చూసింది, నాడి చూసింది, ఒక్క ఆకన్నా కొరికినావా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. లేదని ఖాయమయ్యాక మా ఇంట్లోకి వచ్చి సీసా అడిగి తీసుకుని చదివింది. నాయన ఇడ్లీ పళ్ళెం ముందు అలాగే కూర్చున్నాడు.

"అన్నా," అంది ఆమె, "నీ మామిడికాయకు తోలుండాది. చెక్కేసి తింటారు. దీనికి తోలు లేదు."

అంతే. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాయనకు సులువయ్యేది.

ఆ రోజు ఆమె చర్చికి పోలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, మొవ్వు వదిలి కోయమని మా అందరికీ నేర్పిన మనిషి పెట్టెల్లో మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకేసింది. నేను సాయం చేశాను. మట్టి కూడా ఉంచలేదు. వీధిలో పడేస్తే ఆవులు తింటాయని సంచుల్లో నింపి మూతి కుట్టి, విషమని చెప్పి మరీ చెత్త బండివాళ్ళకు అప్పగించింది. సాయంత్రానికి మిద్దె బోసిగా, ఉత్త సిమెంటుగా మిగిలింది.

నాయన మళ్ళీ గోడవైపు తిరిగాడు. పైకి పోలేదు. ఆకు ముట్టలేదు. కొన్నాళ్ళకు పెట్టె సర్దుకుని, ఊరికి పోతా, ఈడ నా చెయ్యి మంచిది కాదు అన్నాడు. ఊళ్ళో ఆయనకు వండి పెట్టేవాళ్ళు లేరు, మందులు చూసి వేసేవాళ్ళు లేరు. పోతే ఆ షుగరుతో ఎన్నాళ్ళుంటాడు? మిద్దె మీద ఆకులు పోయినందుకు కాదు నాకు భయం. మొక్కలు మళ్ళీ వస్తాయి. మా నాయన మళ్ళీ రాడేమోనని భయం. ఈ మాట నర్సమ్మత్తకు మెట్ల మీద చెప్పాను. "గమ్మునుండు, సూస్తాం" అంది.

మర్నాడు ఖాళీ పెట్టె ఒకటి, మట్టి సంచి ఒకటి తెచ్చి నాయన మంచం పక్కన దించింది. నట్టింట్లో! నేను తుడిచిన నేల మీద. కలుపన్నా అంది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా చేత్తో వద్దులేమ్మా అన్నాడు.

"మా ఆస్పత్రిలో తప్పు చేసిన నర్సును ఇంటికి పంపేది లేదన్నా," అంది. "మళ్ళా ఆ వార్డులోనే డ్యూటీ ఏస్తాం. భయం తెలిసిన చెయ్యి, ఇంక ఆ చేతికి ఎదురు లేదు."

నాయన లేచి, సంచి మూతి విప్పాడు. ఆ సాయంత్రం నట్టిల్లు ఊడ్చుకోవడానికి నాకు నడుం విరిగింది.

ఆ పెట్టెలో లెట్యూస్ లేచి, కోతకొచ్చిన రోజు నేను కూడా పైకి వెళ్ళాను. నాయన కత్తెర పట్టుకున్నాడు గానీ కోయడు. కోసి ఎవరికి ఇవ్వాలో తెలియనట్టు నిలబడ్డాడు. నర్సమ్మత్త చెయ్యి చాపింది. ఆయన ఒక్క ఆకు కోసి ఆ చేతిలో పెట్టాడు. ఉప్పునీళ్ళలో ఒకసారి, మంచినీళ్ళలో మళ్ళీ మళ్ళీ కడగనిదే ఆకును గడప దాటనివ్వని మనిషి, ఆ ఆకును కడగకుండా, తుడవకుండా, అక్కడే నిలబడి నోట్లో పెట్టుకుని నమిలింది. నాయన మొహం చూడలేక నేను ట్యాంకు వైపు తిరిగాను. నర్సమ్మత్తను తలుచుకుంటే నా కళ్ళ ముందుకొచ్చేది ఆ నమలడమే.

ఆ తర్వాత నాయన ఊరి మాట ఎత్తలేదు. షుగరు ఆయన చెప్పిన మాట వినడం మొదలుపెట్టిందని డాక్టరు నవ్వుతాడు. కుంకుడు నీళ్ళు, గుడ్డ పట్టుకుని ఆకులు తుడిచే పని మొత్తం ఆయనదే అయింది. పక్క వాటా పిల్లకు ఆడబిడ్డ పుట్టింది. ఆ బిడ్డకు పళ్ళు రాగానే లెట్యూస్ ముక్క చేతికిచ్చింది కూడా నాయనే. ఇవ్వడానికి ముందు ఎంతసేపు కడిగాడంటే, బిడ్డ ఏడుపు లంకించుకుంది.

చిత్తూరు వెళ్ళే ముందు నర్సమ్మత్త ఆయాసపడుతూనే మిద్దె ఎక్కింది. నాయనను వెంటబెట్టుకుని పెట్టె పెట్టె దగ్గరా ఆగింది. షిఫ్టు మారేటప్పుడు నర్సులు రోగులను అప్పగించుకుంటారు చూడండి, అట్లా. దీనికి నీళ్ళు తక్కువ, దీన్ని ట్యాంకు నీడకు జరపాల, ఈ పాలకూర ముదిరిపోయింది, ఇంక పప్పులోకే. చివరి పెట్టె దగ్గర, డ్యూటీ అప్పగిస్తా ఉండా అన్నా, నేను వచ్చేదాకా సెలవు పెట్టొద్దు అంది. ఆయన తల ఊపాడు. ఇప్పటిదాకా పెట్టలేదు.

పెట్టినదల్లా ఆ ఫోను వచ్చిన మర్నాడు ఒక్క పూటే, ఆమెను సాగనంపడానికి.

పొద్దున బస్సుకు నేనూ నాయనా చిత్తూరు వెళ్ళాం. చర్చిలో ప్రార్థన అయ్యాక సమాధుల తోటకు నడిచాం. నాయన అలాంటి చోటికి రావడం అదే మొదలు, ఏం చేయాలో తెలియక నా పక్కనే నిలబడ్డాడు. ఇక్కడ ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వేస్తారని చెప్పాను. పాస్టరు గారు ప్రార్థన చదివారు. కూతురు వేసింది, బంధువులు వేశారు, ఆమెతో పనిచేసిన నర్సులు వేశారు. నాయన వంతు వచ్చింది. మోకాళ్ళు పట్టేస్తున్నా ఆయన వంగి, తవ్విపోసిన కుప్పలోంచి గుప్పెడు మట్టి తీసుకున్నాడు. ఎర్రమట్టి, నిండా గులకరాళ్ళు. వెయ్యలేదు. రెండో చెయ్యి కూడా చేర్చి, ఆ మట్టిని గడ్డ లేకుండా నలిపాడు. ఒక్కో రాయీ ఏరి పక్కన పడేశాడు. వెనక జనం ఆగారు. పాస్టరు గారు పుస్తకం మూసి ఎదురుచూశారు. ఎవరూ తొందర పెట్టలేదు. గుప్పిట్లో ఇంక మెత్తటి మట్టి తప్ప ఏమీ లేదని వేలితో చూసుకున్నాక, నాయన చెయ్యి చాపి నెమ్మదిగా వదిలాడు.